జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: ఓటరు ఏం చెప్పాడు? ఫలితాలను ఎలా చదవాలి?

2023 నవంబరు 30న తెలంగాణ అసెంబ్లీకి పోలింగ్ జరిగింది. డిసెంబరు 3, ఆదివారం నాడు లెక్కింపు. 119 స్థానాల్లో కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39, బీజేపీకి 8, మజ్లిస్‌కు 7, సీపీఐకి 1 వచ్చాయి. పదేళ్ల కేసీఆర్ పాలన ముగిసింది. డిసెంబరు 7న ఎల్బీ స్టేడియంలో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కు 39.40 శాతం, బీఆర్ఎస్‌కు 37.35 శాతం ఓట్లు పడ్డాయి. అంటే తేడా రెండు శాతం పైచిలుకు మాత్రమే. కానీ ఉమ్మడి వరంగల్ జిల్లాలో సీన్ వేరు. ఇక్కడి 12 సీట్లలో 10 కాంగ్రెస్‌కు పోయాయి. బీఆర్ఎస్‌కు మిగిలినవి జనగామ, స్టేషన్ ఘన్‌పూర్. ఈ రెండూ జనగామ జిల్లాలోనివే. పక్కపక్క ఊళ్లు, ఒకే రకమైన పంటలు, ఒకే పథకాలు, ఒకే రోజు ఓటు. అయినా తీర్పు ఒకేలా రాలేదు. ఎందుకు రాలేదో అర్థం చేసుకుంటే వచ్చే ఎన్నికల్లో మన ఓటు విలువ ఏమిటో తెలుస్తుంది.

ఒక్క చూపులో ఫలితాలు

జనగామ: బీఆర్ఎస్ అభ్యర్థి పల్లా రాజేశ్వర్ రెడ్డికి 98,975 ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి కొమ్మూరి ప్రతాప్ రెడ్డికి 83,192. మెజార్టీ 15,783.

మహబూబాబాద్ (ఎస్టీ): కాంగ్రెస్ అభ్యర్థి డాక్టర్ భూక్యా మురళీ నాయక్‌కు 1,16,644, బీఆర్ఎస్ అభ్యర్థి బానోత్ శంకర్ నాయక్‌కు 66,473. మెజార్టీ 50,171.

భూపాలపల్లి: కాంగ్రెస్ అభ్యర్థి గండ్ర సత్యనారాయణ రావుకు 1,23,116, బీఆర్ఎస్ అభ్యర్థి గండ్ర వెంకటరమణా రెడ్డికి 70,417. మెజార్టీ 52,699.

చుట్టుపక్కల సీట్లు కూడా చూడాలి. పాలకుర్తిలో మంత్రి ఎర్రబెల్లి దయాకర్ రావు 47,634 ఓట్ల తేడాతో ఓడారు. గెలిచిన మామిడాల యశస్విని వయసు అప్పటికి 26 ఏళ్లే. అమెరికాలో స్థిరపడిన అత్తగారు ఝాన్సీ రెడ్డికి భారత పౌరసత్వం విషయంలో అడ్డంకి రావడంతో కోడలు బరిలోకి దిగారు. డోర్నకల్‌లో సీనియర్ నేత, మాజీ మంత్రి రెడ్యా నాయక్ 53,131 ఓట్ల తేడాతో జాటోత్ రామచంద్రు నాయక్ చేతిలో ఓడిపోయారు.

అసలు లెక్క: ఎమ్మెల్యేను మార్చిన చోట, మార్చని చోట

ఉమ్మడి వరంగల్‌లో ఎన్నికల నాటికి బీఆర్ఎస్ చేతిలో 11 సీట్లున్నాయి. ములుగు ఒక్కటే సీతక్కది, అంటే కాంగ్రెస్‌ది. ఆ 11లో బీఆర్ఎస్ ఇద్దరు ఎమ్మెల్యేలకే టికెట్ ఇవ్వలేదు. జనగామలో ముత్తిరెడ్డి యాదగిరి రెడ్డి స్థానంలో పల్లాకు, స్టేషన్ ఘన్‌పూర్‌లో తాటికొండ రాజయ్య స్థానంలో కడియం శ్రీహరికి ఇచ్చింది. మిగిలిన తొమ్మిది చోట్ల పాతవారినే నిలబెట్టింది.

మార్చిన రెండూ గెలిచింది. మార్చని తొమ్మిదీ ఓడిపోయింది.

దీన్ని బట్టి అంతా అభ్యర్థి వల్లనే జరిగిందని తేల్చేయడం తొందరపాటే. గాలి కూడా ఉంది, కాంగ్రెస్ గ్యారంటీల బలం కూడా ఉంది. కానీ తొమ్మిదికి తొమ్మిది పోవడం, రెండుకు రెండు నిలవడం ఊరికే జరిగే విషయం కాదు. రైతుబంధు, పింఛను, షాదీ ముబారక్ అన్ని నియోజకవర్గాల్లోనూ ఒకేలా అందాయి. తేడా ఉన్నది ఎమ్మెల్యే దగ్గరే. ఇల్లు ఎవరికి వచ్చింది, దళితబంధు జాబితాలో ఎవరి పేరు చేరింది, కాగితం మీద సంతకం కోసం ఎవరి గడప తొక్కాల్సి వచ్చింది అనేవి జనం మర్చిపోలేదు. పథకం ఇచ్చింది పెద్దాయన అయినా, దాన్ని పంచిన చేయి స్థానిక నాయకుడిది. ఓటరు ఆ చేతినే చూశాడు.

జనగామ: 236 ఓట్ల జ్ఞాపకం

జనగామకు పోరాటాల చరిత్ర ఉంది. విసునూరు దేశ్‌ముఖ్‌పై భూమి కోసం కోర్టులో పోరాడి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీది ఈ ప్రాంతమే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడానికి ముందు జరిగిన ఘటన అది. 'మా భూమి' నాటకానికి బందగీ కథే ఆధారం. పాలకుర్తి చాకలి ఐలమ్మ పోరాటం సంగతి అందరికీ తెలుసు. 2016లో ప్రభుత్వం కొత్త జిల్లాల ముసాయిదాలో జనగామ పేరు పెట్టకపోతే పట్టణం, పల్లెలు కలిసి ఆందోళన చేసి, అక్టోబరు 11 నాటికి జిల్లా సాధించుకున్నాయి.

ఎన్నికల్లోనూ ఈ సీటు తేలికైనది కాదు. 2009లో కాంగ్రెస్ నేత పొన్నాల లక్ష్మయ్య ఇక్కడ 236 ఓట్లతో గట్టెక్కారు. అప్పుడు టీఆర్ఎస్ తరఫున ఓడింది కొమ్మూరి ప్రతాప్ రెడ్డే. 2014, 2018లో ముత్తిరెడ్డి చేతిలో పొన్నాల ఓడారు. 2023 వచ్చేసరికి కొమ్మూరి కాంగ్రెస్ అభ్యర్థి అయ్యారు. టికెట్ విషయంలో అసంతృప్తి చెందిన పొన్నాల అక్టోబరు 13న కాంగ్రెస్‌ను వీడి, మూడు రోజుల్లోనే జనగామ సభలో కేసీఆర్ సమక్షంలో బీఆర్ఎస్‌లో చేరారు. దశాబ్దాల పాటు కాంగ్రెస్ జెండా మోసిన నాయకుడు అవతలి వేదిక ఎక్కడం, ఎమ్మెల్యే మీద ఉన్న వ్యతిరేకత కొత్త అభ్యర్థికి అంటకపోవడం రెండూ పల్లాకు కలిసొచ్చాయి.

పల్లా గెలుపు మరో ఎన్నిక తెచ్చింది. ఆయన అప్పటికి వరంగల్, ఖమ్మం, నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ. ఆ సీటు ఖాళీ కావడంతో 2024 మే 27న ఉపఎన్నిక జరిగింది. 2021లో పల్లా చేతిలో ఓడిన తీన్మార్ మల్లన్న ఈసారి కాంగ్రెస్ తరఫున గెలిచారు. మూడు జిల్లాల పట్టభద్రులూ ఆ ఎన్నికలో ఓటర్లే. ఉద్యోగ నోటిఫికేషన్లు, 2023 మార్చిలో బయటపడిన టీఎస్‌పీఎస్సీ పేపర్ లీకేజీ మీద చదువుకున్న పిల్లల్లో ఉన్న కోపం అసెంబ్లీ ఎన్నికల నుంచి ఈ ఉపఎన్నిక దాకా చర్చలో ఉంది.

మానుకోట: వాళ్లిద్దరే, ఫలితం మాత్రం తిరగబడింది

మహబూబాబాద్‌ను జనం మానుకోట అంటారు. 2010 మే 28న జగన్ ఓదార్పు యాత్రను రైల్వే స్టేషన్ దగ్గర తెలంగాణవాదులు అడ్డుకున్న రోజు నుంచి 'మానుకోట రాళ్లు' అనే మాట ఉద్యమ భాషలో నిలిచిపోయింది. ఆ ఉద్యమ ఊపుతోనే ఇక్కడ టీఆర్ఎస్ బలపడింది. శంకర్ నాయక్ 2014లో, 2018లో గెలిచారు. 2018లో మెజార్టీ 13,534. ఐదేళ్లకు 50 వేల పైచిలుకు తేడాతో ఓడారు.

2024 మే 13న లోక్‌సభ పోలింగ్ జరిగింది. మహబూబాబాద్ ఎంపీ సీటులో 2019లో కాంగ్రెస్ అభ్యర్థి పోరిక బలరాం నాయక్‌ను టీఆర్ఎస్ అభ్యర్థి మాలోత్ కవిత 1,46,663 ఓట్లతో ఓడించారు. 2024లో మళ్లీ ఆ ఇద్దరే తలపడ్డారు. ఈసారి బలరాం నాయక్ 3,49,165 ఓట్లతో గెలిచారు. కవిత డోర్నకల్‌లో ఓడిన రెడ్యా నాయక్ కూతురు. ఆరు నెలల్లో తండ్రీ కూతుళ్లిద్దరూ ఓడిపోయారు.

ఈ జిల్లాలో ఎప్పుడూ మాట్లాడుకునేవి రెండు: పోడు భూములు, బయ్యారం ఉక్కు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలు చూడాలని 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో ఉంది. బయ్యారం అప్పుడు ఖమ్మంలో, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో. ఎన్నికలు వస్తున్నాయి, పోతున్నాయి. ఫ్యాక్టరీ మాత్రం రాలేదు.

భూపాలపల్లి: ఓట్లు తగ్గకుండానే ఓటమి

భూపాలపల్లి అంకెలు కాస్త నిదానంగా చూడాలి. 2018లో గండ్ర వెంకటరమణా రెడ్డి కాంగ్రెస్ తరఫున 69,918 ఓట్లతో గెలిచారు. ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తు మీద పోటీ చేసిన గండ్ర సత్యనారాయణ రావు 54,283 ఓట్లతో రెండో స్థానంలో నిలిచారు. తెలంగాణ తొలి స్పీకర్ మధుసూదనాచారి టీఆర్ఎస్ అభ్యర్థిగా మూడో స్థానానికి పడిపోయారు. మరుసటి ఏడాది వెంకటరమణా రెడ్డి టీఆర్ఎస్‌లో చేరారు.

2023లో ఆయనకు వచ్చినవి 70,417. అంటే పార్టీ మారినా వ్యక్తిగా వచ్చే ఓట్లు దాదాపు అలాగే ఉన్నాయి. ఓడింది ఎందుకంటే, 2018లో మూడు ముక్కలైన ఓటు 2023లో రెండుగా చీలింది. ఆయనకు పడని ఓట్లలో చాలా భాగం కాంగ్రెస్‌కు వచ్చిన సత్యనారాయణ రావు చుట్టూ చేరింది. ఏ గుర్తు మీద గెలిచారో ఆ గుర్తే ఐదేళ్ల తర్వాత ఎదురుగా నిలబడింది.

జిల్లాలో ఇంకో పెద్ద సంగతి మేడిగడ్డ. పోలింగ్‌కు 40 రోజుల ముందు, 2023 అక్టోబరు 21న మహదేవపూర్ మండలంలోని ఈ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. కాళేశ్వరం ప్రాజెక్టు బీఆర్ఎస్ పాలనకు గొప్ప గుర్తుగా ప్రచారమైంది. అదే ఎన్నికల వేళ ప్రతిపక్షాలకు ఆయుధమైంది. నవంబరు 2న రాహుల్ గాంధీ వచ్చి చూసి వెళ్లారు. మేడిగడ్డ మంథని నియోజకవర్గంలోకి వస్తుంది. అయినా ఆ మాట జిల్లా మొత్తం పాకింది. ఇక భూపాలపల్లి సింగరేణి పట్టణం. గని కార్మికులు, చెల్పూరు థర్మల్ ప్లాంటు ఉద్యోగులు, కాంట్రాక్టు పనివాళ్లు ఇక్కడ పెద్ద ఓటు బ్యాంకు.

ముస్లిం కుటుంబాలకు ఈ ఫలితం ఏం చెప్పింది?

ఈ మూడు జిల్లాల్లో ముస్లింలు ఎక్కువగా పట్టణాల్లో, మండల కేంద్రాల్లో, కొన్ని గ్రామాల్లో చెదురుమదురుగా ఉన్నారు. మహబూబాబాద్, డోర్నకల్ ఎస్టీ రిజర్వుడు, స్టేషన్ ఘన్‌పూర్ ఎస్సీ రిజర్వుడు. కాబట్టి అక్కడ ముస్లిం అభ్యర్థి ప్రశ్నే రాదు, ఓటు మాత్రమే ఉంటుంది. మజ్లిస్ 2023లో పోటీ చేసింది 9 చోట్ల, అన్నీ హైదరాబాద్ పరిసరాల్లోనే. మిగతా చోట్ల బీఆర్ఎస్‌కు ఓటేయమని అసదుద్దీన్ ఒవైసీ పిలుపునిచ్చారు. కాంగ్రెస్ నవంబరు 9న మైనార్టీ డిక్లరేషన్ ప్రకటించింది.

ఓటరు ముందు రెండు రకాల లెక్కలు నిలబడ్డాయి. ఒకవైపు చేతికి అందినవి: షాదీ ముబారక్ కింద రూ.1,00,116, మైనార్టీ గురుకులాలు, ఇమామ్‌లు, మౌజన్‌లకు నెలకు రూ.5 వేల గౌరవ వేతనం. అదే ప్రభుత్వం 12 శాతం రిజర్వేషన్ బిల్లును 2017 ఏప్రిల్‌లో అసెంబ్లీలో ఆమోదించినా, అది ఢిల్లీ దాటి అమలుకు రాలేదు. మరోవైపు కొత్త హామీలు: మైనార్టీ సంక్షేమానికి ఏటా రూ.4 వేల కోట్ల బడ్జెట్, రాయితీ రుణాలకు రూ.వెయ్యి కోట్లు, ఇమామ్‌లు, మౌజన్‌లకు రూ.10 వేల నుంచి 12 వేలు, కొత్త దంపతులకు రూ.1.6 లక్షలు.

ఎవరు ఎటు వేశారన్నది బ్యాలెట్ రహస్యం. ముస్లిం ఓటు మొత్తం ఒక పార్టీకే పడిందని చెప్పేవాళ్ల దగ్గర ఆధారం అడగాలి. 50 వేల మెజార్టీ వచ్చిన చోట ఏ ఒక్క వర్గమో గెలిపించిందని అనడానికి వీల్లేదు. కానీ 236 ఓట్లతో తేలిన చోట ఒక మొహల్లా చాలు.

హామీల సంగతికి వస్తే, 2023-24లో బీఆర్ఎస్ ప్రభుత్వం మైనార్టీ సంక్షేమానికి రూ.2,200 కోట్లు కేటాయించింది. కాంగ్రెస్ ప్రభుత్వం 2024-25లో రూ.3,003 కోట్లు, 2025-26లో రూ.3,591 కోట్లు కేటాయించింది. పెరిగింది, 4 వేల కోట్లు కాలేదు. పైగా కేటాయింపు వేరు, ఖర్చు వేరు. బడ్జెట్ పుస్తకంలో అంకె చూసి ఆగకుండా, ఆ ఏడాది ఎంత విడుదలైందో కూడా అడగాలి. కాంగ్రెస్ నుంచి ఒక్క ముస్లిం ఎమ్మెల్యే కూడా గెలవలేదు. గెలిచిన ఏడుగురూ మజ్లిస్ వారే. తొలి మంత్రివర్గంలో ముస్లింలకు చోటు దక్కలేదు. దాదాపు 23 నెలల తర్వాత, 2025 అక్టోబరు 31న అజారుద్దీన్ మంత్రి అయ్యారు.

ఫలితాల తర్వాత ఏం జరిగింది?

2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. అదే రోజు ఆరోగ్యశ్రీ పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది. డిసెంబరు 28 నుంచి జనవరి 6 వరకు ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. 2024 ఫిబ్రవరి 27న 200 యూనిట్ల ఉచిత కరెంటు, రూ.500 గ్యాస్ సిలిండర్ పథకాలు ప్రారంభించారు. జులై, ఆగస్టు నెలల్లో రూ.2 లక్షల వరకు పంట రుణమాఫీ మూడు విడతల్లో ప్రకటించారు. మహిళలకు నెలకు రూ.2,500 హామీ గురించి మాత్రం ఇంటింటా ప్రశ్న మిగిలే ఉంది.

పార్టీ ఫిరాయింపులూ ఆగలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో 7,779 ఓట్లతో బీఆర్ఎస్ తరఫున గెలిచిన కడియం శ్రీహరి 2024 మార్చి 31న కాంగ్రెస్‌లో చేరారు. బీఆర్ఎస్ ఎంపీ అభ్యర్థిగా ప్రకటించిన ఆయన కూతురు కడియం కావ్య ఆ టికెట్ వదులుకుని, కాంగ్రెస్ నుంచి వరంగల్ ఎంపీగా 2,20,339 ఓట్లతో గెలిచారు. భూపాలపల్లి కూడా ఆ ఎంపీ సీటులోదే. పార్టీ మారిన పదిమంది ఎమ్మెల్యేలపై అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పింది. ఓటేసిన గుర్తు ఒకటి, ఎమ్మెల్యే కండువా ఇంకొకటి అయినప్పుడు ఓటరు చేతిలో ఏముంది?

ఒక అంశం మీద నేరుగా ఓటు వేయొచ్చా?

మన చట్టంలో ఎమ్మెల్యేను వెనక్కి పిలిచే వీలు లేదు. ఒక చట్టం కావాలా వద్దా అని జనాన్ని నేరుగా అడిగే పద్ధతి కూడా మామూలుగా లేదు. 1967 జనవరి 16న గోవాలో అలాంటి ఓటింగ్ జరిగింది. మహారాష్ట్రలో కలవాలా, విడిగా ఉండాలా అని అడిగితే, విడిగానే ఉంటామని జనం తేల్చారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇది మామూలు సంగతి. మన అసెంబ్లీ ప్రచారం జోరుగా ఉన్న 2023 నవంబరు 7నే ఒహాయోలో అబార్షన్ హక్కుపై ఓటింగ్ జరిగి, ఆ సవరణ నెగ్గింది. అక్కడ ఒక ఓటరు తనకిష్టమైన పార్టీకి ఓటేసి, ఆ పార్టీకి నచ్చని అంశాన్ని కూడా గెలిపించవచ్చు.

మన దగ్గర ధరణి, కాళేశ్వరం, రిజర్వేషన్, ఉచిత బస్సు, పేపర్ లీకేజీ అన్నీ ఒకే బటన్‌లో ఇమిడిపోవాలి. అందుకే ఫలితం చూసి 'జనం ఫలానా దానికి ఓటేశారు' అని ఎవరు చెప్పినా పూర్తిగా నమ్మలేం. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా అసంతృప్తి చెప్పుకోవడానికి పనికొస్తుంది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలిచినట్టు.

ఓటరు చేతిలో ఉన్న పనులు

బూత్ లెక్క: ఫారం 20లో ప్రతి పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మన బూత్ అంకెలు మనకు తెలిస్తే 'మీ వాళ్లు వేయలేదు' అనే నాయకుడికి జవాబు చెప్పొచ్చు, గొప్పలు చెప్పే మధ్యవర్తినీ ఆపొచ్చు.

జాబితాలో పేరు: కొత్త ఓటుకు ఫారం 6, అభ్యంతరానికి లేదా తొలగింపుకు ఫారం 7, తప్పుల సవరణకు, చిరునామా మార్పుకు ఫారం 8. ఏడాదికి నాలుగు సార్లు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1వ తేదీల ప్రకారం 18 ఏళ్లు నిండినవారు చేరవచ్చు. మన ఇళ్లలో తరచూ వచ్చే ఇబ్బంది పేర్లదే. ఆధార్‌లో మహమ్మద్, ఓటరు కార్డులో ఎండీ, రేషన్ కార్డులో మొహమ్మద్ అని ఉంటే ముందే ఫారం 8తో సరిచేసుకోవాలి. పెళ్లయి వచ్చిన కోడళ్లు, పని కోసం హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో ఉన్న పిల్లల పేర్లు కూడా చూసుకోవాలి. బీఎల్ఓ ఎవరో తెలియకపోతే 1950కి ఫోన్ చేయవచ్చు.

పోలింగ్ రోజు: పర్దాలో వచ్చే మహిళల గుర్తింపును మహిళా సిబ్బంది చేత చూపించుకోమని అడగవచ్చు.

స్థానిక ఎన్నికలు: సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరికే ముగిసినా, పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. దాదాపు రెండేళ్లు పల్లెలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. బీసీలకు 42 శాతం ఇస్తూ తెచ్చిన జీవోపై 2025 అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇవ్వడంతో పాత పరిమితి లోపలే ఎన్నికలు పూర్తయ్యాయి. బీసీ స్థానాల్లో బీసీ-ఇ ముస్లింలకు, బీసీ-బిలో ఉన్న దూదేకుల వారికి కూడా పోటీ చేసే అర్హత ఉంటుంది. దీనికి కుల ధ్రువీకరణ పత్రం ముందే చేతిలో ఉండాలి. నోటిఫికేషన్ వచ్చాక తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగితే నామినేషన్ గడువు దాటిపోతుంది.

అసెంబ్లీ మెజార్టీలు వేలల్లో ఉంటాయి, వార్డు గెలుపోటములు పదుల్లో తేలుతాయి. వీధి దీపం, మురుగు కాలువ, ఖబ్రస్తాన్ ప్రహరీ, ఇళ్ల జాబితా తేలేది ఆ వార్డులోనే. 2023లో ఉమ్మడి వరంగల్ ఓటరు దగ్గర్లో కనిపించే నాయకుడిని బట్టి తీర్పు చెప్పాడు. ఆ నాయకుడిని ఇంకా దగ్గర నుంచి నిలదీసే అవకాశం పంచాయతీలోనూ, మున్సిపల్ వార్డులోనూ ఉంది. ఆ రోజు వచ్చేలోపు జాబితాలో ఇంటిల్లిపాది పేర్లు ఉన్నాయో లేదో చూసుకోవడం మొదటి పని.